పసుపు టోపీల ట్రిప్పు

"ఒక్కరోజు ట్రిప్పు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్," అన్నాడు బాస్, పళ్ళలో ఇరుక్కున్నదాన్ని పేపర్ క్లిప్పుతో పీక్కుంటూ.

సీక్రెట్ సర్వీస్‌లో 'పిల్లి' అని పేరుపడ్డ ఏజెంట్ చూపు పక్కకి తిప్పుకున్నాడు.

మిషన్ సింపుల్. నదికి అవతలి ఒడ్డు పరాయి దేశం. అక్కడి ముఠా ఒకటి ఈ సాయంత్రం ఇవతలి ఊళ్ళు తాగే నీళ్ళలో విషం కలపబోతోంది. ఎక్కడ కలుపుతారో చెప్పగలిగినవాడు అవతల ఉన్న ఒక్క కెమిస్ట్. బోర్డర్ దాటించాకే నోరు విప్పుతానని మొండికేశాడు.

"టూరిస్టు బస్సుకి పాస్‌పోర్టులు చూడరు. పసుపు టోపీలు లెక్కపెడతారంతే. వెళ్ళినన్నీ తిరిగి రావాలి. అంటే కెమిస్ట్‌ని ఎక్కిస్తే ఒకళ్ళని దించెయ్యాలి. నీ పెళ్ళాం వేషంలో వస్తోందే, మనకీ ముఠాకీ పనిచేసే ఆ డబుల్ ఏజెంట్, దాన్ని దించెయ్."

"అక్కడ ఆవిణ్ణి చంపేస్తారు సార్."

"దాంతో మన పని అయిపోయిందయ్యా. తోడుగా మా బామ్మర్దిని పంపుతున్నా."

పిల్లి బల్ల మీది పసుపు టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

బస్సు ఇంకా రోతగా ఉంది. మాసిన సీట్లు, ఎవరో కక్కుకున్న వాసన. బామ్మర్ది నూనె చేతులు కిటికీ కర్టెన్‌కి తుడుచుకుని, "ఏం బావా, చెల్లెమ్మ మాట్లాడదేం? అలిగిందా?" అన్నాడు. నల్ల కళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫుతో ఉన్న 'చెల్లెమ్మ' నవ్వను కూడా నవ్వలేదు.

అవతలి ఊళ్ళన్నీ ఒకే తీరు. రోడ్డు వైపు కొత్త రంగులు, వెనక నదిలోకి పారే మురుగు. టూరిస్టులు మురుగుకి వీపు పెట్టి ఫోటోలు దిగుతున్నారు. చివరి ఊళ్ళో, చెక్క పడవ బొమ్మలమ్మే కొట్లో పిల్లి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది నీళ్ళలో తేలుతుందా?"

"మునిగిందని ఇంతవరకూ ఎవరూ వెనక్కి వచ్చి చెప్పలేదు," అన్నాడు కౌంటర్ దగ్గరి బట్టతల మనిషి. కోడ్ సరిపోయింది. ఇతనే కెమిస్ట్. వెంటనే గొంతు తగ్గించి, "ఇల్లు ఇస్తారుగా? నది కనిపించేలా ఉండాలి," అన్నాడు.

ఊళ్ళకి ఊళ్ళు చావబోతుంటే వీడికి బాల్కనీ కావాలి. పిల్లి పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చాడు.

"నన్ను వదిలేసి రమ్మన్నారు, కదూ?" అంది ఆమె.

"అవును."

"మా ముఠా వాళ్ళు నిన్ను పట్టివ్వమన్నారు. నాకు ఇద్దరిమీదా రోత పుట్టిందయ్యా. అటు చూడు."

టీ కొట్టు దగ్గర బామ్మర్ది ఫోన్ ఎత్తి పిల్లిని ఫోటో తీశాడు. రేవులో కూర్చున్న ఇద్దరికి ఇతనే అన్నట్టు తలతో సైగ చేశాడు. వాళ్ళు లేచారు.

"మా దగ్గరా జీతం తింటున్నాడు," అంది ఆమె. "ఆ ఇద్దర్నీ నేను మాటల్లో పెడతా. నువ్వు కానియ్."

పిల్లి బామ్మర్ది భుజం మీద చెయ్యేసి, "బావా, ఒక్కమాట," అంటూ టాయిలెట్ వైపు నడిపించాడు. పెన్ను క్యాప్ తీశాడు. సన్నటి సూది. బామ్మర్ది గురక మొదలుపెట్టాక టోపీ లాక్కుని, తలుపుకి బయట గడియ పెట్టాడు. ఆ టోపీ కెమిస్ట్ నెత్తిన పెట్టి బస్సెక్కించాడు.

ఆమె పరుగున వచ్చి ఎక్కింది. బస్సు కదిలింది.

వంతెన మీద గార్డు ముక్కు మూసుకుని టోపీలు లెక్కపెట్టాడు. బామ్మర్ది టోపీ కింద కెమిస్ట్ తల దించుకున్నాడు. గార్డు మొహాలు చూడలేదు. గేటు లేచింది.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు పిల్లి.

"ఇల్లు సంగతి..."

"చెప్పకపోతే కిటికీలోంచి నదిలోకి తోస్తా. వ్యూ బ్రహ్మాండంగా ఉంటుంది."

"ఇసుక పడవ! ఈ వంతెన కిందే. ఫ్యాక్టరీ సైరన్ మోగగానే విషం ట్యాంకు కుళాయి తిప్పుతారు."

పిల్లి కాలర్ మైక్‌లో అరిచాడు. అంతలోనే ఫ్యాక్టరీ సైరన్ మోగింది. కింద నదిలో పొద్దుట్నించీ కాపు కాస్తున్న పోలీసు బోటు పడవని గుద్దింది. కుళాయి మీద పడ్డ చెయ్యి అక్కడే బేడీల్లో ఇరుక్కుంది.

బస్సు ఆగేసరికి ఫోన్ మోగింది.

"ఇప్పుడే రిపోర్ట్ వచ్చింది. ఆ అమ్మాయి తిరిగొచ్చిందట?" అన్నాడు బాస్. "మరి మా వాడేడీ?"

"అవతలివాళ్ళ దగ్గరా జీతం తీసుకుంటున్నాడు సార్. అక్కడే ఉంచేశా."

బాస్ గొంతు బాగా తగ్గింది. "మా ఆవిడకి ఏం చెప్పమంటావయ్యా?"

"అంత ప్రమాదకరమైన మిషన్లు నేను ఒప్పుకోను సార్," అని పిల్లి ఫోన్ పెట్టేశాడు.