బస్తా అడుగు గింజలు

యుగంధర్ చేతిలో మొదట ఉన్నవి రెండే. ఆమదాలవలసలో తండ్రి వదిలిపోయిన ధాన్యం కొట్టు, మనుషుల్ని చూపుతోనే తూచగలనన్న ధీమా.

ఒక వాన మధ్యాహ్నం రేఖ ఆ కొట్టులోకి పరిగెత్తుకొచ్చింది. విజయనగరం పిల్ల, సైకాలజీ ఎం.ఏ. నీళ్ళు కారుతున్న గొడుగు తీసి బస్తాల మీద పెట్టబోయింది.

"అమ్మా తల్లీ! గింజ మొలకొచ్చేస్తాది!"

"సారీ అండీ. మనిషి స్వభావానికీ, వేసే ఓటుకీ ఏమైనా సంబంధం ఉందా అని సర్వే చేస్తున్నాను."

"సర్వే ఎందుకు? నన్నడుగు, సెప్తాను. కొత్త రకం వరి తెచ్చినోడు మార్పు కావాలంటాడు. నాన్న పండించిన రకమే తెచ్చినోడు నాన్న గుర్తుకే ఏస్తాడు."

"మరి మీరో?"

"మా నాన్న గుర్తుకే."

రేఖ పకపకా నవ్వింది. వాన తగ్గినా వెళ్ళలేదు.

తర్వాత సర్వే పేరు చెప్పి తరచూ వచ్చేది. గుమ్మంలోకి వచ్చిన ప్రతి రైతు మీదా ఇద్దరూ పందెం కాసేవారు. ఏళ్ళ తరబడి ఒకే రకం వరి తెచ్చే జగ్గమ్మని చూసి, "పాత పార్టీయే," అన్నాడు యుగంధర్.

"ఈసారి కొత్తోడికే ఏస్తానురా," అంది జగ్గమ్మ.

"తప్పింది!" అని రేఖ చప్పట్లు కొట్టింది. ఒక్క గింజ తేడా అయితే బస్తా పాడవుతుందా అని యుగంధర్ కొట్టిపారేశాడు.

ఒకరోజు రేఖే అడిగేసింది. "మన పెళ్ళి గురించి మా ఇంట్లో మాట్లాడనా?"

ఆమెకి కొత్త ఊరన్నా, కొత్త తిండన్నా పిచ్చి. రేపు ఆమెకి తానూ పాతబడితే? యుగంధర్ లోపల లెక్క వేసుకున్నాడు.

"ఎలక్షన్లు అవనీ. సూద్దాం."

ఎలక్షన్లు ఇంకా రాకముందే, మరో వాన రోజున ఆమె మళ్ళీ వచ్చింది. "మావాళ్ళు పృథ్వీరాజ్ అని ఒక సంబంధం తెచ్చారు. నీ కోసం ఆగి ఆగి, నిన్న సరేనన్నాను."

"కొత్తది దొరికిందేటి?" అనేశాడు.

రేఖ మొహం పాలిపోయింది. ధాన్యం పరీక్షించే ఇనప గొట్టం చేతిలోకి తీసుకుంది.

"దీన్ని బస్తాలో ఎక్కడ గుచ్చుతావు?"

"పైన, మధ్యన, అడుగున."

"మరి నన్ను పైనే గుచ్చి వదిలేసావేటి? కొత్తవి ఇష్టపడే మనిషి ఉన్నవాళ్ళని వదిలేస్తాదని నీకెవరు సెప్పారు? ఒకటో క్లాసు స్నేహితురాలు ఇప్పటికీ నాతోనే ఉంది. ఎప్పుడైనా అడిగావా?"

"రేఖా, ఇప్పుడు సెప్తన్నాను. నువ్వంటే నాకు..."

"మాటిచ్చేశాను యుగంధర్. ఇచ్చిన మాట మార్చే మనిషిని కాను. నువ్వు తెలుసుకోవాలనుకున్నది అదే కదా!"

గొట్టం బస్తా మీద పెట్టి, వానలోకి నడిచింది. గొడుగు తెరవనైనా లేదు.

పోలింగ్ రోజున యుగంధర్ వేలు తండ్రి గుర్తు దగ్గర ఆగి, పక్కకి జరిగింది. బయట జగ్గమ్మ అడిగింది.

"మీ నాన్న గుర్తుకేనేటిరా?"

"కాదు పిన్నీ."

"ఓరి! నువ్వూ మారతావేటిరా?"

అతను కొట్టు వైపు నడిచాడు.

కొట్టు ఉంది. ధీమా పోయింది. కొత్తగా చేరింది వేలి మీది సిరా గీత. అది చూసి చప్పట్లు కొట్టే మనిషి మాత్రం లేదు.