గుడ్డితూము దగ్గర ఆగిన వ్యాను

రాయచూరు జిల్లా మాన్వి దాటాక కాలవ గట్టు మీదుగా పోయే దారిలో గుడ్డితూము ఉంది. చీకటిపడితే అక్కడ ఎవరూ బండి ఆపరు. వడ్ల లారీవాళ్ళయితే పంక్చరైన టైరుతోనే ఇంకో మైలు ఈడ్చుకుపోతారు గానీ, ఆగరు.

ఆగితే... కాసేపటికి కింద పొలాల్లో ఒక దీపం కదులుతుందట. దగ్గరికి వస్తూ వస్తూ ఆరిపోతుందట. ఆ తర్వాత బండి రేకు మీద మూడు దెబ్బలు — గట్టిగా కాదు, పక్కింటివాళ్ళు తోడుకి మజ్జిగ అడగడానికి వచ్చినట్టు మెల్లగా. ఆపైన గుసగుసగా ఒకే ప్రశ్న.

"నీళ్లొచ్చినయా?"

జవాబు చెప్పినవాడు ఆ ఏడాది దాటడంటారు. చెప్పనివాడి బండి ఇక స్టార్టు కాదంటారు. ఇలాంటివి చెప్పేవాళ్ళకి రెండు దారులూ మూసేస్తే గానీ తృప్తి ఉండదు.

దేవికకి ఈ సంగతి పదిహేనేళ్ళుగా తెలుసు. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళని అక్కడ క్యాంపులంటారు. అలాంటి ఒక క్యాంపుకి ఆమె కాపురానికొచ్చిన మొదటి నెలలోనే ఎవరో చెప్పారు. భర్త తేజ విని నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడానికి తేజ లేడు.

ఫిబ్రవరిలో పొలంగట్టు మీద గుండె పట్టుకుని కూలబడ్డాడు. దేవికే ట్రాక్టరెక్కి తోలింది. వెనక ట్రాలీలో అత్తగారు పున్నమ్మ, ఆమె ఒళ్ళో కొడుకు తల. "దేవికా, ఒక్కసారి ఇటు చూడవే! వీడు నిన్ను వెతుక్కుంటున్నాడే!" అని పున్నమ్మ అరుస్తూనే ఉంది. దేవిక వెనక్కి చూడలేదు. ఆసుపత్రి గేటు దాకా, ముప్పావుగంట సేపు, చూడలేదు. చూసేసరికి ఆ కళ్ళు ఎవరినీ వెతకడం లేదు.

ఎందుకు చూడలేదో ఆమెకే తెలియదు. ఆ రోజు నుంచి ఏడుపూ రాలేదు. పదకొండో రోజున ఆడవాళ్ళంతా గుండెలు బాదుకుంటుంటే ఆమె పెరట్లో అంటుగిన్నెలు తోముతూ కూర్చుంది. అన్నం తింటే రుచి లేదు, పడుకుంటే నిద్ర లేదు. చెయ్యి కాలితే, కాలిందని చర్మం చూసి తెలుసుకునేది. మనిషి మొత్తం మొద్దుబారిపోయింది.

పున్నమ్మ కోడలితో మాట్లాడ్డం మానేసింది. ఒకే ఇంట్లో ఉండి మాట్లాడకపోవడం అంత తేలికేం కాదు, దానికీ ఒడుపు కావాలి. పున్నమ్మ గోడతో మాట్లాడేది. "కూరలో ఉప్పెక్కువైందని వండినవాళ్ళకి తెలియదు కాబోలు" అని గోడకి చెప్పేది. మర్నాడు దేవిక ఉప్పు తగ్గించేది. అలా ఐదు నెలలు గడిచాయి.

జులైలో రాయచూరు నుంచి అంబరీశ్ అనే అతను ఫోను చేశాడు. ఎప్పటిదో ముసలి తెల్లవ్యాను కొని, లోపల పరుపు, గ్యాసు పొయ్యి, పూల తెరలు పెట్టి ప్రయాణాలకి అద్దెకిస్తుంటాడు. పాతబండి అంటే ఎవరూ ఎక్కరు. 'వింటేజ్' అంటే బెంగళూరు నుంచి వచ్చి మరీ ఎక్కుతారు. తేజ జనవరిలోనే బుక్ చేశాడట — అమ్మకీ భార్యకీ గోకర్ణంలో సముద్రం చూపించాలని.

"కేన్సిల్ చేయాల్నా మేడమ్?"

"వద్దు. నేనే తోలుకెళతాను" అంది దేవిక.

ఆమె లెక్క ఆమెకుంది. తేజ ఇచ్చిన ఆ ఒక్క మాటా చెల్లించేసి, తిరిగొచ్చాక గంగావతిలోని పుట్టింటికి వెళ్ళిపోవాలి. ఇంక పున్నమ్మ ఎదురుగా తిరగడం తన వల్ల కాదు. పున్నమ్మకీ అది అర్థమైంది. వద్దని గోడతో కూడా అనలేదు. "సముద్రం చూపిస్తానన్నది నా కొడుకు. తోలేది ఎవరైతే నాకేంటి" అని మాత్రం గోడకి చెప్పింది.

వర్జ్యం పోయాక బయల్దేరాలని కూడా అంది. దాంతో కదిలేసరికి రాత్రి ఎనిమిది. పెద్దరోడ్డు తవ్వి పడేశారు. దేవిక గట్టుదారి పట్టింది. వ్యాను మూలుగుతూ, దగ్గుతూ, అయిదారు మైళ్ళు బాగానే నడిచి... ఇంకెక్కడా చోటే లేనట్టు సరిగ్గా గుడ్డితూము పక్కన ఆగిపోయింది.

దేవిక ఫోను చేసింది.

"పొద్దుగాల మెకానిక్‌ని తోల్కొస్త మేడమ్. ఏడున్నరు?" అన్నాడు అంబరీశ్.

"గుడ్డితూము దగ్గర."

అంబరీశ్ గొంతు తగ్గించాడు.

"...తలుపులు ఏసుకోండ్రి. ఎవ్వలు కొట్టినా తీయకుండ్రి."

తలుపులు వేసుకున్నారు. ముందు సీట్లకీ వెనక పరుపుకీ మధ్య తెర లాగి, లైటు తీసేసి, ఇద్దరూ చెరో అంచున పడుకున్నారు. కప్పలు అరుస్తున్నాయి. పున్నమ్మ తాయెత్తు పట్టుకుని ఏదో గొణుక్కుంటోంది.

పదకొండు దాటాక — కింద పొలాల్లో దీపం కనబడింది.

పున్నమ్మ గొణుగుడు ఆగిపోయింది. దీపం గట్టు వెంట వంకరటింకరగా వస్తోంది... దగ్గరగా... ఇంకా దగ్గరగా... ఆరిపోయింది. కప్పలు కూడా ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి.

గులకరాళ్ళ మీద అడుగులు. వ్యాను ముందువైపు ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత పక్కకి వచ్చాయి.

టక్... టక్... టక్...

"నీళ్లొచ్చినయా?"

"దేవికా..." పున్నమ్మ చీకట్లో కోడలి చెయ్యి దొరకబుచ్చుకుంది. "తీయకే. నీకు దణ్ణం పెడతాను, తీయకే."

ఐదు నెలల్లో అత్తగారు తనతో అన్న మొదటి మాట అదేనని దేవికకి తట్టింది. తట్టింది గానీ ఏమీ అనిపించలేదు. భయమూ వేయలేదు. భయమన్నా వేస్తే బాగుండునని ఎంతగానో కోరుకుంది. లేచి, చెయ్యి విడిపించుకుని, తలుపు లాగేసింది.

మోకాళ్ళ దాకా బురదతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తువ్వాలు కింద టార్చి దాచుకున్నాడు. దేవికని చూసి ఆయనే రెండడుగులు వెనక్కేశాడు.

"సాబ్ లేడా? ఆఫీసు బండి కాదా ఇది?"

సంగతి బయటపడింది. పేరు దేవప్ప. గుడ్డితూము కింద ఆఖరి రెండెకరాలు ఆయనవి. కాలవలో నీళ్ళొదిలితే పైవాళ్ళందరికీ పారాకే ఆ చివరికి చేరాలి. వెనకటి రోజుల్లో చివరి తూముకి నీళ్ళొదలడానికి ఆఫీసరు రాత్రిపూట ఇలాంటి తెల్లవ్యానులోనే వచ్చేవాడు. అందుకని గట్టు మీద ఏ బండి ఆగినా దేవప్ప వచ్చి అడుగుతాడు. పైతూముల వాళ్ళు చూస్తే కొట్లాటకొస్తారని దీపం ఆర్పుకుని, గొంతు తగ్గించి అడుగుతాడు. ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు.

"అయితే ఇక్కడ దెయ్యం ఉందంటారే?" అంది దేవిక.

"దయ్యమా? ఏడ?" అని దేవప్ప గబుక్కున వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

పున్నమ్మ పకపకా నవ్వింది. నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. లైటు వేసి, పొయ్యి వెలిగించి, ఆయన్ని నానా మాటలూ అంటూనే టీ పెట్టింది. "ఇరవై ఏళ్ళుగా ఎంతమందికి జ్వరాలు తెప్పించావయ్యా మహానుభావా!" అంటూ గ్లాసు అందించింది. దేవప్ప మెట్టు మీద కూర్చుని ఊదుకుంటూ తాగాడు.

ఖాళీ గ్లాసు తిరిగిస్తూ అడిగాడు.

"ఆయనకియ్యరా అమ్మా చాయ్?"

"ఎవరికి?" అంది పున్నమ్మ.

"ముందట సీట్ల కూసున్నడు గద, ఆయనకి."

ఇద్దరూ తెర వైపు తిరిగారు. తెర కదల్లేదు.

"ముందెవరూ లేరు" అంది దేవిక.

"లేకపోవుడేంది? నేను మొదలు ఆయన్నే అడిగిన. 'నీళ్ళ సంగతి నాకు తెల్వదు పెద్దాయనా, జర మెల్లగ కొట్టు, లోపల మా అమ్మ భయపడ్తది' అన్నడు. 'మా ఆమె తీస్తది తలుపు' అన్నడు." దేవప్ప టార్చి తుడుచుకుంటూ లేచాడు. "ఇంగేందో అన్నడు గని నాకు సమజ్ కాలే. 'మా ఆమెనే తోలింది, ఒక్కపారి గూడ ఎనకకు చూడలే. చూస్తే చెయ్యి ఆగుతదని, నన్ను బతికిచ్చుకోవాల్నని చూడలే. మా అమ్మకు ఆ మాట ఎవ్వలు చెప్పలే' అన్నడు... సరే, నే పోత. పైతూమోళ్ళు చూస్తే కొట్లాట."

ఆయన గట్టు దిగిపోయాడు. టార్చి వెలుగు పొలాల్లో చిన్నదైపోయి, కనబడకుండా పోయింది.

దేవిక తలుపు మూసింది. భయమేసింది. ఫిబ్రవరి తర్వాత మొదటిసారి, ఒళ్ళంతా భయమేసింది. ఆ భయం వెనకే ఇన్నాళ్ళూ రానిది వచ్చింది. పరుపు మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని, పశువు అరిచినట్టు ఏడ్చింది.

పున్నమ్మ ఆమె తల తన ఒళ్ళోకి లాక్కుంది. "నాకు తెలియలేదే" అంది. "నాకు తెలియలేదే తల్లీ." గోడతో కాదు.

ఎంతసేపు గడిచిందో... పున్నమ్మ లేచింది. గిన్నెలో మిగిలిన టీ వేడిచేసి గ్లాసులో పోసింది. తెర ముందు నిలబడింది. గ్లాసు కోడలి వైపు చాపింది.

"నువ్వివ్వవే" అని గుసగుసలాడింది. "నీకు భయం లేదుగా."

"ఉంది అత్తయ్యా. చాలా భయంగా ఉంది."

ఇద్దరూ కలిసి గ్లాసు పట్టుకున్నారు. తెర తొలగించలేదు. దాని అంచు పక్కనుంచి, చీకట్లోకి, మోచేతుల దాకా చాపారు...

కాసేపటికి చేతులు వెనక్కి వచ్చాయి. గ్లాసు రాలేదు.