వెనక సీటు బెల్టు

అయినవాళ్లను కాగితాలు చూపించమని అడగడానికి కొందరికి నోరు రాదు. అద్దాలాయనకు అసలే రాదు.

ఆయనది కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే తిరిగే రాయి. వెంట్రుకంత గీత ఉన్నా భూతద్దం పెట్టి పట్టేస్తాడని పేరు. అలాంటి మనిషి, ఆ ఆదివారం పొద్దున తోడల్లుడి ఇంటి ముందు నిలబడి, "ఇదిగో బండి ఆర్సీ కార్డు" అని చేతికిచ్చిన జిరాక్సును చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. కింది భాగంలో ఒక వరస మీద ఏదో తెల్లగా అడ్డం పెట్టి జిరాక్సు తీసినట్టుంది. అది ఆయన కంటికి ఆనింది కూడా. అయినా అడగలేదు.

"అసలు కార్డు బీరువాలో ఎక్కడో ఉంది తమ్ముడూ. తీరిగ్గా తీసి పంపిస్తాలే. మనలో మనకు కాగితాలేంటి?" అన్నాడు తోడల్లుడు, అంటే ఆయన భార్యకు అక్క మొగుడు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని మాట్లాడే రకం.

"అబ్బే, తొందరేం లేదన్నయ్యా," అన్నాడు అద్దాలాయన. పైగా నవ్వాడు.

నవ్వక ఏం చేస్తాడు, అవసరం ఆయనది. భార్యకు రెండు కిడ్నీలూ పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. వెళ్లేటప్పుడు ఎలాగో బస్సెక్కేది కానీ, వచ్చేటప్పుడు ఒంట్లో సత్తువంతా పిండేసినట్టుండేది. కిందటి నెల బస్సు మెట్టు మీద తూలి పడిపోయింది. ఉన్నదంతా ఊడ్చైనా సరే బండి కొనాలని ఆ రోజే అనుకున్నాడు. అన్నట్టే ఊడ్చి తోడల్లుడి చేతిలో పోశాడు.

బండికి వంక పెట్టడానికి లేదు. ఒక్కటే తకరారు. వెనక ఒకవైపు భార్య కూర్చునేది. రెండోవైపు, డ్రైవరు వెనకున్న సీటు ఖాళీ. ఆ ఖాళీ సీటుకు బెల్టు పెట్టలేదని అలారం మోగేది. టింగ్... టింగ్... టింగ్... మనిషి బరువు తగిలితేనే మోగాల్సిన అలారం అది.

మెకానిక్ సీటు కింద తడిమి చూసి పెదవి విరిచాడు. "సెన్సరు చెడినట్టుంది సార్. మార్చాలంటే బోలెడవుతుంది. ఖాళీ సీటుకే బెల్టు పెట్టేయండి, నోరు మూసుకుంటుంది. అందరూ చేసేదే."

అద్దాలాయన బెల్టు లాగి పెట్టాడు. క్లిక్. అలారం ఆగింది. ఆ బెల్టును ఇక విప్పలేదు.

బామ్ వాసన మాత్రం పోలేదు. కీళ్ల నొప్పులకు రాసుకునే బామ్. అద్దాలు దించి తిప్పినా, సబ్బునీళ్లతో కడిగినా, తలుపు తియ్యగానే గుప్పున కొట్టేది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపితే ఒక్కోసారి వెనక నుంచి చిన్న చప్పుడు. టక్... టక్... ఎవరో తీరిగ్గా మెటికలు విరుచుకుంటున్నట్టు. అద్దంలో చూస్తే భార్య కళ్లు మూసుకుని ఉండేది. ఆవిడ చెయ్యి మాత్రం పక్క సీటు మీద, అరచెయ్యి పైకి పెట్టి, వాలి ఉండేది. నీరసం కాబోలనుకున్నాడు.

నాలుగో వారంలో ఒక సాయంత్రం, బయట వాన. భార్య ఆసుపత్రి మూడో అంతస్తులో చేతికి సూదులతో పడుకుని ఉంది. ఆయన బండిలో ఏదో మర్చిపోయి కింద సెల్లార్ పార్కింగులోకి వచ్చేసరికి, చేతిలో ఫైలుతో ఒక మనిషి బండి నంబరును కాగితంతో పోల్చి చూసుకుంటున్నాడు.

"ఈ బండి మీదేనాండీ?"

"మాదే. కొని నెల కూడా కాలేదు."

ఆ మనిషి నిట్టూర్చాడు. ఈ మాట రోజుకు నలుగురి దగ్గర వింటాడు కాబోలు, కోపం కూడా లేదు. "ఫైనాన్స్ కంపెనీ నుంచి వచ్చానండి. దీని మీద అప్పుంది. అది తీరేదాకా బండి మాకు తాకట్టులో ఉన్నట్టే. మీకమ్మినాయనకు అమ్మే హక్కు లేదు, కొన్నా మీది కాదు. ఏడు వాయిదాలు ఎగ్గొట్టాడు."

ఫైల్లోంచి కార్డు నకలు తీసి చూపించాడు. అద్దాలాయన జేబులోని జిరాక్సులో తెల్లగా ఉన్న వరసలో, ఇక్కడ కంపెనీ పేరుంది.

అద్దాలాయన అక్కడి నుంచే తోడల్లుడికి ఫోన్ చేశాడు.

"దానికింత కంగారెందుకు తమ్ముడూ? నెమ్మదిగా కడతాను కదా. నేనేమైనా బయటివాళ్లకు అమ్మానా?"

"బయటివాళ్లయితే కాగితాలు అడిగేవాళ్లన్నయ్యా."

అవతల ఫోన్ పెట్టేశారు. అద్దాలాయనకు కోపమొచ్చింది. తోడల్లుడి మీద సగం, నవ్వుతూ జిరాక్సు మడిచిన తన చేతుల మీద సగం.

"హామీ సంతకం పెట్టినావిడను అడుగుదామంటే ఆవిడ జాడ లేదు," అంటూ ఫైనాన్సాయన ఆఖరి కాగితం తిప్పాడు. అద్దాలాయన అలవాటుగా జేబులోంచి భూతద్దం తీసి పెట్టాడు. వణికిన అక్షరాలు. చివరి అక్షరం కిందికి జారిపోయింది. ఆ చేతిరాత ఆయనెరుగును. అత్తగారిది. పెద్దకూతురి ఇంట్లో ఉంటూ, అల్లుడు వేలు పెట్టి చూపించినచోట సంతకం చేసేసిన పిచ్చి మాలోకం.

"ఈవిడ పోయి ఎనిమిది నెలలైందండీ."

"అయ్యో," అన్నాడు ఫైనాన్సాయన. ఫైలు మూశాడు. "కానీ మనిషి పోతే హామీ పోదండి. అప్పు తీరేదాకా ఉంటుంది. లేదంటే ఆవిడ బదులు ఇంకొకరు సంతకం పెట్టాలి."

పైన పేషెంటు ఉందని తెలిసి కాస్త మెత్తబడ్డాడు. "అమ్మగారిని ఇంటికి దింపుకోండి. రేపు పొద్దున వచ్చి బండి తీసుకెళతాను."

అతను వెళ్లిపోయాడు. సెల్లార్‌లో ఒకే ఒక్క లైటు. ఎక్కడో గోడ మీంచి వాననీళ్లు కారుతున్నాయి. అద్దాలాయన వెనక తలుపు తీశాడు. గుప్పున బామ్ వాసన... ఈసారి ఆ వాసన ఎవరిదో గుర్తొచ్చింది.

సీటు ఖాళీగానే ఉంది. బెల్టు పెట్టే ఉంది.

కానీ... పట్టీ సీటుకు ఆనుకుని లేదు. జానెడు ముందుకు, గాల్లో నిలబడి ఉంది. పొట్ట మీదుగా... రొమ్ముకు అడ్డంగా... మెల్లగా పైకి లేచింది. మెల్లగా దిగింది. మళ్లీ లేచింది.

"అత్తయ్యగారూ..."

టక్... టక్...

మూడు వారాలుగా ఆ ముసలి ప్రాణాన్ని కట్టి కూర్చోబెట్టింది తన చేతులే. పరిగెత్తి బెల్టు విప్పడానికి ఆ చేతులు రాలేదు.

అయినా భార్యను ఆ బండిలోనే ఎక్కించాడు. ఆ వానలో ఇంకో బండి దొరకలేదు, నిలబడే ఓపిక ఆవిడకు లేదు. సగం దూరం పోయాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా అడిగాడు.

"నీ పక్కన..."

"అమ్మే," అంది భార్య. "మొదటిరోజే తెలిసింది. మీరు హడలిపోతారని చెప్పలేదు."

"ఏమంటుంది?"

"కాళ్లు లాగుతున్నాయంటుంది. ఇంకా ఎంతసేపే కూర్చోవాలి అంటుంది. అప్పు తీరేదాకా దిగకూడదటండీ."

ఆయన జరిగింది చెప్పాడు. రేపు బండి వాళ్లు తీసుకుపోతారు, పీడా విరగడైపోతుంది అనబోయి నాలుక కరుచుకున్నాడు.

"మరి అమ్మ?" అంది భార్య. "ఏ షెడ్డులోనో పడేస్తారు బండిని. అక్కడ ఒక్కతే... అట్లా కూర్చునే..."

"నేనేం చెయ్యనే? నా దగ్గర ఏం మిగిలిందని?" అన్నాడు. ఏడుపొచ్చింది. అద్దం మీద వాననీళ్లో తన కన్నీళ్లో తెలియక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఎర్ర లైటు పడింది. బండి ఆపాడు. వెనక గుసగుస. ఒకటి భార్య గొంతు. రెండోది... వినకూడదనుకున్నాడు.

"లేదులేమ్మా... నాకెలాగూ ఎన్నాళ్లో లేదు... నువ్వు లే."

క్లిక్.

టింగ్... టింగ్... టింగ్...

వెనక తలుపు తెరుచుకుంది. తడిగాలి లోపలికి కొట్టింది. తలుపు నెమ్మదిగా మూసుకుంది, ముసలివాళ్లు వేసినట్టు.

క్లిక్. అలారం ఆగిపోయింది.

బామ్ వాసన లేదు. అద్దంలో చూశాడు. భార్య తన చోట లేదు. సరిగ్గా ఆయన వెనకకు జరిగి, ఆ బెల్టు పెట్టుకుని కూర్చుంది.

"అమ్మ దిగిందండీ," అంది. ఆ మధ్యకాలంలో ఎప్పుడూ లేనంత తేలిగ్గా ఉంది ఆవిడ గొంతు.

ఇంటి ముందు ఆయనే బెల్టు విప్పి, చేతుల మీద పైగదికి తీసుకెళ్లి పడుకోబెట్టాడు. రెండు గుక్కల పాలు తాగి నిద్రపోయింది.

పొద్దున్నే ఫైనాన్సాయన వచ్చాడు. తాళాలు ఇచ్చినట్టు సంతకం పెట్టించుకోవడానికి గుమ్మం ముందే ఫైలు తిప్పుతుంటే ఆఖరి కాగితం అద్దాలాయన కంటబడింది. హామీ సంతకంలో వణుకు లేదు. గుండ్రటి అక్షరాలు. ఇరవై రెండేళ్లుగా చాకలి పద్దుల్లో, మందుల చీటీల వెనక చూస్తున్న అక్షరాలు. భూతద్దం కోసం జేబులోకి పోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

ఫైనాన్సాయన బండి స్టార్ట్ చేశాడు. టింగ్... టింగ్... టింగ్...

"ఖాళీ సీటుకు అలారమేంటండీ?" అని విసుక్కుంటూ వెనక్కి వంగి, తన వెనక సీటుకు బెల్టు లాగి పెట్టాడు. క్లిక్.

బండి అద్దాలాయన ముందు నుంచే మెల్లగా మలుపు తిరిగింది. వెనక కిటికీలోంచి బెల్టు కనిపించింది. సీటుకు ఆనుకుని లేదు. జానెడు ఎత్తున కూడా లేదు. నాలుగు వేళ్లంత, బాగా చిక్కిపోయిన మనిషి ఒంటి మీద నిలిచినంత ఎత్తున ఉంది. లేచింది... దిగింది...

ఆయన మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. పైగదిలో భార్య ఇంకా లేవలేదు.