మాంగో పుల్‌కి పదికి ఆరు

ఆదివారం పొద్దున్న తలుపు తీసేసరికి గుమ్మంలో ఇద్దరున్నారు. ముందు ఒక పెద్దాయన, చేతిలో స్వీట్ల డబ్బా, మొహం నిండా నవ్వు. వెనక ఒక అమ్మాయి, చేతిలో గొడుగు, కళ్ళ నిండా నిప్పులు. ఆ గొడుగు వాన కోసం తెచ్చిందో, నా కోసం తెచ్చిందో వెంటనే తేల్చుకోలేకపోయాను.

"దీపక్ బాబంటే నువ్వేనేటి?" అన్నాడాయన.

"ఔనండి."

"నా పేరు పోలరాజు. మాంగోలో ఉంటాం. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడుపుతాను. ఇది మా గుంట సుధారాణి. నువ్వు దీని ఆటకి పదికారు మార్కులేసినావంట గదా! ఫస్టు క్లాసన్నది మా ఇంటా వంటా లేదు బాబూ. మన తెలుగోళ్ళని అడిగి అడిగి కాసిడీహ్‌లో నీ ఇల్లు పట్టుకున్నాను. ముందు నోరు తీపి చేసుకో."

నేను 'ఆఖరి లెవెల్' అనే తెలుగు సైట్‌కి వీడియో గేముల రివ్యూలు రాస్తాను. పగలు బిష్టుపూర్‌లో కంప్యూటర్ షాపు ఉద్యోగం, సాయంత్రం ఈ రాతలు. మా రివ్యూల లోకంలో పదికి తొమ్మిదంటే కళ్ళు మూసుకుని కొను అని. ఎనిమిదంటే బాగుంది. ఏడంటే పర్లేదు. ఆరంటే, పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అనడం లాంటిది.

"పాపా," అంది ఆ అమ్మాయి తండ్రి వైపు తిరిగి పళ్ళు కొరుకుతూ, "గేమ్ మే సిక్స్ మత్లబ్ ఫెయిల్."

"నువ్వూరుకోయే. అరవై శాతం ఫెయిలని ఏ బడిలో సెప్పినారే?"

ఈలోపు మా అమ్మ జానకి లోపల్నించి వచ్చింది. స్వీటు నోట్లో వేసుకుని, "మా వాడు ఒకళ్ళని మెచ్చుకున్నాడా అన్నయ్యగారూ! రండి రండి, టీ తాగుదురు గాని," అంటూ పెద్దాయన్ని లోపలికి తీసుకుపోయింది. వరండాలో నేనూ, గొడుగూ, ఆ అమ్మాయీ మిగిలాం.

"ఎన్ని లెవెల్స్ ఆడారు?"

"అన్నీ."

"ఝూట్. మూడు ఆడి రాసేసే బాపతు కదా మీరంతా."

"ఎనిమిదో లెవెల్లో ఆటో వంతెన మధ్యలో నీళ్ళలోకి దిగాక బ్రేక్ నొక్కితే హారన్ మోగుతోంది. సరి చూసుకోండి."

ఆమె ఫోన్ తీసి అది రాసుకుంది.

ఆ గేమ్ పేరు 'మాంగో పుల్', అంటే మాంగో వంతెన. సాక్చీలో జనాన్ని షేర్ ఆటోలోకి ఎక్కించుకుని, సువర్ణరేఖ మీది వంతెన దాటించి మాంగోలో దింపాలి. అది కూడా సాయంత్రం రద్దీలో. మా ఊళ్ళో రోజూ పడే పాట్లే. మొదటి ఐదు లెవెల్స్ ఆడుతూ ఒక్కణ్ణే కూర్చుని పడీ పడీ నవ్వాను. ఆరోదాంట్లో వాన మొదలైంది, ఆట తలకిందులైంది.

"నాలుగు మార్కులు ఎక్కడ కోశారో చెప్పండి," అంది.

"రివ్యూలో రాశాను కదండీ."

"'వానలో ఆట చేజారిపోయింది' అని రాశారు. ఏటి చేజారింది? ఎక్కడ చేజారింది? అదేమన్నా చేపా?"

నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు. ఆమె నవ్వలేదు. అప్పుడు కాస్త బుద్ధి తెచ్చుకుని చెప్పాను. "ఓడిపోయినప్పుడు తప్పు నాదనిపించాలండీ. అప్పుడే మళ్ళీ ఆడతాం. మీ వానలో తప్పు ఆటదనిపిస్తోంది. అందుకే ఫోన్ పక్కన పడేశాను."

ఆమె లోపలికోసారి తొంగి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. బెంగళూరులో ఒక కంపెనీ, మా సైట్‌లో స్కోర్ ఏడుకొస్తే గేమ్ తీసుకుని దేశమంతా విడుదల చేస్తానందట. గడువు దుర్గాపూజ. అప్పటికీ ఏమీ తేలకపోతే కంట్రాక్టరు ఆఫీసులో ఎంట్రీలు కొట్టే పనిలో చేరతానని వాళ్ళ నాన్నకి మాటిచ్చిందట. ఏడాదిగా ఆయన ఒక్క మాట అనకుండా ఈ ఆట చేసుకోనిచ్చాడు.

"అయితే ఏడు చేసెయ్యమంటారా?" అన్నాను. నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

గొడుగు లేచింది. "భీక్ అడగట్లేదు నేను! ఆట మారుస్తాను. మళ్ళీ ఆడండి, మళ్ళీ రాయండి. మీ సైట్‌లో రెండో రివ్యూకి వీలుంది కదా?"

"ఉంది. కానీ ఒక్కసారే."

"ఒక్కసారి చాలు," అంది. ఆ మాట అన్న తీరుకి నాకే భయమేసింది.

* * *

తర్వాతి ఆదివారం సుధ నుంచి ఫోనొచ్చింది. "బయట కుండపోత. సాక్చీ ఆటో స్టాండ్‌కి వచ్చెయ్యండి."

"గొడుగు పట్టుకున్నా తడిసిపోతాం కదా?"

"అందుకే రమ్మంటున్నా."

షేర్ ఆటోలో వెనక సీటు మీద నలుగురం ఇరుక్కున్నాం. ఒక పక్క కూరగాయల బుట్టతో ఒకావిడ, ఇంకో పక్క నిద్రపోతున్న తాతగారు, మధ్యలో మేం. పక్కనున్న ప్లాస్టిక్ పరదా గాలికి ఎగిరి చినుకులు మొహాన కొడుతున్నాయి.

"మీ మోచెయ్యి," అంది.

"ఎక్కడ పెట్టుకోమంటారు?"

"ఇంట్లో పెట్టి రావాల్సింది."

వంతెన ఎక్కాక బండి నత్తనడక అందుకుంది. సుధ కళ్ళు డ్రైవర్ మీదనుంచి కదల్లేదు. నా కళ్ళు ఎక్కడున్నాయో అడక్కండి. తడిసిన జుట్టు బుగ్గకి అంటుకుని, పెదవి కొరుకుతూ, పరీక్ష హాల్లో ఆఖరి ప్రశ్న ముందున్న పిల్లలా ఉంది.

"చూశారా," అన్నాను ఎలాగో తేరుకుని. "గుంట రాకముందే వేగం తగ్గించేస్తున్నాడు. ముందు బండి ఊగితే అక్కడ గుంటుందని పట్టేస్తున్నాడు. మీ ఆటలో ముందు బండ్లు ఊగవు. ఆడేవాడికి ఎలా తెలుస్తుంది?"

గిర్రున నా వైపు తిరిగింది. మొహాలు దాదాపు తగిలాయి. "సహీ బాత్!" అని నా భుజమ్మీద ఒక్కటి చరిచింది. కూరగాయలావిడ ముసిముసిగా నవ్వింది. నాకైతే ఆ వంతెన ఇంకో పది కిలోమీటర్లుంటే బాగుండుననిపించింది.

ఆ వానాకాలం అలాగే గడిచింది. ఆమె మార్చి పంపేది, నేను బాగోలేదనేవాణ్ణి, మళ్ళీ మార్చేది. బాగుందా అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఇంకా ఏటి?" అని మాత్రమే అడిగేది. ఆ "ఇంకా ఏటి" కోసం నేను రోజంతా ఫోన్ చూసుకునే స్థితికొచ్చాను.

ఒకరోజు షాపులో కస్టమర్‌తో మాట్లాడుతూ కొత్త లెవెల్ తెరిచాను. అందులో ఆటోలో కూర్చున్న ముసలాయన గొంతు, "ఓరి బాబూ, నెమ్మదిరా, సంచిలో గుడ్లున్నాయిరా!" అని అరిచింది. పోలరాజుగారే! కస్టమర్ ముందే పగలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే అర్థమైంది, నేను పూర్తిగా మునిగిపోయానని.

* * *

పూజ పందిళ్ళకి వెదుళ్ళు పాతుతున్న రోజుల్లో కొత్త 'మాంగో పుల్' సైట్‌కి వచ్చింది. ఆడాను. రివ్యూ రాశాను. కింద 'ఎనిమిది' అని వేశాను. పంపించే బటన్ మీద వేలు పెట్టాను, నొక్కలేకపోయాను.

అది నిజంగా ఎనిమిదేనా? పోలరాజుగారి గొంతు వినగానే నవ్వొచ్చిందంటే అది ఆట గొప్పా, ఆయన కూతురి గొప్పా? ఎంత గింజుకున్నా తేలలేదు. తేలనప్పుడు ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలుసు. హైదరాబాదులో ఉన్న మా ఎడిటర్‌కి నాలుగు ముక్కలు రాసి పంపాను.

మర్నాడు సాయంత్రం సుధ షాపుకి వచ్చింది. మెట్ల మీద గొడుగు విదిలిస్తూ, "అయిందా?" అంది.

"నేను రాయను సుధా."

"ఏటీ?"

"రాయకూడదు."

"బాగోలేదా? బాగోలేకపోతే అదే రాయండి! ఐదు వెయ్యండి! నేనేమన్నా ఏడుస్తానన్నానా?"

"అది కాదు. మాకో రూలుంది. సొంతవాళ్ళ గేముకి మార్కులు వెయ్యకూడదు."

"నేను మీకు సొంతం ఎప్పుడయ్యాను?"

"మీరు కాలేదు. నేనే అయిపోయాను."

బిష్టుపూర్ రోడ్డు మీద బస్సులు, ఆటోలు హోరెత్తుతున్నాయి.

"మీరంటే నాకు చాలా ఇష్టం సుధా," అన్నాను. "ఎడిటర్‌కి కూడా అదే రాశాను."

"ఏం? ఎడిటర్‌కి ముందు చెప్పారా? నాకంటే ముందు?"

"ఆయన కారణం అడుగుతాడు కదా మరి."

నవ్వుతుందనుకున్నాను. ఆమె మొహం పాలిపోయింది. "ఇప్పుడెవరు రాస్తారు?"

"మా సైట్‌లోనే రాసే నారాయణమూర్తిగారికి ఇచ్చారు."

"ఆయనా? దేవుడే గేమ్ చేసి తెచ్చినా ఆరు దాటనివ్వడని అందరూ అంటారు!" ఆమె గొడుగు మెట్టుకేసి కొట్టింది. "ఏడాది పని దీపక్. మా నాన్న నోరు మూసుకున్న ఏడాది. తెలుసా మీకు?"

"తెలుసు. అందుకే నా చేత్తో దాన్ని దొంగ మార్కులతో గట్టెక్కించలేను."

నన్ను తినేసేలా చూసింది. తర్వాత భుజాన బ్యాగు సర్దుకుంది. "సరే. ఆయన్నే వెయ్యమనండి. మీకు జవాబు స్కోర్ వచ్చాకే. ఇప్పుడు ఔనంటే స్కోర్ కోసం మెత్తబడ్డాననుకుంటారు. కాదంటే కోపంతో అన్నాననుకుంటారు. రెండూ నాకొద్దు."

వానలోకి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

* * *

స్కోర్ వచ్చింది. ఆరున్నర.

నారాయణమూర్తిగారు వానని మెచ్చుకున్నారు. చివరి రెండు లెవెల్స్ మాత్రం పాత పాటే మళ్ళీ పాడినట్టున్నాయని రాశారు. చదివి తల పట్టుకున్నాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేనవి ఆడాను, ఒక్క లోపం కూడా నా కంటికి ఆనలేదు.

ఫోన్ చేసే ధైర్యం లేక ఆటో ఎక్కి నేరుగా మాంగో వెళ్ళాను. తిట్టినా పడాలి, వెళ్ళగొట్టినా పడాలి, మొహం మాత్రం చాటెయ్యకూడదనుకున్నాను. తలుపు పోలరాజుగారు తీశారు. ఈసారి నవ్వు లేదు.

"నా కూతురంటే ఇష్టమని హైదరాబాదోళ్ళకి సెప్పినావంట. నాకు సెప్పలేదేటి?"

"ఇప్పుడు చెప్తున్నానండీ. ఇష్టం."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "మొహమాటానికి మార్కులెయ్యని మనిసివి. నీలాటోడు ఇంట్లో ఉంటే మంచిదేలే. ఏడుత్తదనుకున్నాను బాబూ, ఏడవట్లేదు. పొద్దున్నుంచి కంప్యూటర్ ముందే కూకుంది. నాకు బయమేత్తంది, నువ్వే ఎల్లి మాటాడు."

లోపల సుధ తల ఎత్తకుండానే అంది. "చివరి రెండు లెవెల్స్ పీకేస్తున్నాను."

"కంపెనీ?"

"కుదరదన్నారు. సోమవారం నుంచి కంట్రాక్టరు ఆఫీసు. సాయంత్రాలు ఇది. పూర్తయ్యాక నేనే రిలీజ్ చేస్తాను. ఎవరు తీసుకున్నా, తీసుకోకపోయినా."

"నేను రాసుంటే ఇలా అయ్యేది కాదు. క్షమించండి సుధా."

అప్పుడు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రాసుంటే ఎంత వేసేవారు?"

"ఎనిమిది."

"కంపెనీ తీసుకునేది. నేను ఎగిరి గంతేసేదాన్ని. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పురుగు తొలిచేది, గెలిచింది నా ఆటా, మీ ఇష్టమా అని." చేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఆరున్నర నా ఆటది. మీరు వేసేది ఎనిమిది. అంటే మధ్యలో ఉన్న ఒకటిన్నర మార్కూ నా మీద ప్రేమ. అంతేనా?"

"లెక్క కరెక్టే," అన్నాను.

"ఒకటిన్నరేనా?" అంది. కళ్ళలో నీళ్ళు అలాగే ఉన్నాయి, పెదవుల మీదికి నవ్వొచ్చేసింది. "అది నాకు చాలదు. కూర్చో."

అన్నాళ్ళూ నన్ను మీరు అన్న మనిషి, పక్కనున్న కుర్చీ లాగి తన కుర్చీకి ఆనించింది. నేను కూర్చున్నాను.