రాతిచేపలు పడ్డ మాఘమాసం

తూర్పు సముద్రపు ఒడ్డున వేలానగరం అనే రాజ్యం ఉండేది. దాని రాజు విక్రాంతవర్మ. ఆయన వంటశాలలో వారానికి ఆరు రోజులు చేపలే వండేవారు. ఆ చేపలు పట్టే మనుషులు ఎలా ఉంటారో మాత్రం ఆయన ఏనాడూ అడిగి తెలుసుకోలేదు.

ఒక మాఘమాసంలో ఆ రాజ్యానికి పెద్ద ఆపద వచ్చింది. చలి ఇంకా విడవని రోజులవి. సముద్రం నిలకడగా ఉండి, కవళ్లనే చిన్న చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డు దగ్గరికి వచ్చే కాలం. వలలు బరువుగానే వచ్చాయి. అయితే ఇసుకను తాకగానే ప్రతి చేపా మొప్పల దగ్గర బూడిదరంగుకు తిరిగి, తోక దాకా రాయి అయిపోయేది. రాళ్ల బరువుకు వలలు చిరిగాయి. జాలర్ల ఊరు రెల్లుపాలెంలో పిల్లలు గంజినీళ్లు తాగి పడుకుంటున్నారు. నీటి అడుగున కొండల్లా పెరిగిన రాళ్లగుట్టలను అక్కడివాళ్లు పారలంటారు. ఆ పారల దగ్గరే ఏదో జరిగి ఉంటుందని పన్నెండు మంది జాలర్లు తెప్పలేసుకుని వెళ్లారు. ఒక్కరూ తిరిగి రాలేదు. వారిలో మసేనమ్మ అన్న ఎల్లాజీ ఉన్నాడు.

మసేనమ్మకు పద్దెనిమిదేళ్లు. తండ్రి పోయిన నాటి నుంచి అన్నతో పాటు తెప్ప నడుపుతోంది. నోరు మహా పదును. ఆమె నేరుగా రాజసభకు వెళ్లింది.

అక్కడ సముద్రసేనాని జలధికేసరి మాట్లాడుతున్నాడు. ఆయన బిరుదులు చదవడానికే ఒక మనిషిని పెట్టారు.

"మహారాజా, ఓడిపోయిన శత్రువు చేసే అల్లరి ఇది. నిరుడు నేను మూడో పార దాకా వెళ్లి సముద్రాన్ని జయించి, విజయస్తంభం నాటి వచ్చాను గదా. పది రోజులు పట్టించుకోకుంటే అదే సర్దుకుంటుంది."

"జయించినారో లేదో నాకు తెల్దు బాబూ," అంది మసేనమ్మ. "ఓడలోంచి తవర్ని బుజాన మోసుకొచ్చి దింపినోడు మా అన్న. దారి పొడుగునా కక్కుకున్నారంట."

సభికులు నవ్వు ఆపుకోవడానికి పైకప్పు వైపు చూశారు. రాజు గొంతు సవరించుకుని, చేపలకు పట్టిన ఈ శాపం విడిపించినవారు ఏది కోరితే అది ఇస్తానన్నాడు.

"నాను మా అన్న కోసం ఎల్తన్నాను. తవరిచ్చేదేటో వొచ్చినాక సూద్దాం," అని ఆమె దండమైనా పెట్టకుండా బయటికి నడిచింది. బంగారు కుర్చీలలో కూర్చున్న అంతమందిలో ఒక్కడైనా ఆకలితో ఉన్న పిల్లల మాట ఎత్తలేదని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు తెల్లవారుతూనే గాలాలు, నారతాళ్లు, కుండెడు అంబలి, ఎరకు నాలుగు చేపతలలు తీసుకుని తెప్ప తోసింది. ఒడ్డు నుంచి వీచే కొండగాలి వెనక నుంచి నెట్టింది.

మొదటి పార ఒడ్డుకు దగ్గరే. రాతి మీద గుమ్మడికాయంత పీత, నాచు గడ్డం పెంచుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఒడ్డు పురుగా, ఆగు. నేను కర్కటమునిని. ముమ్మారు ప్రదక్షిణ చేసి నన్ను స్తుతించు. లేకుంటే దారి ఇవ్వను." ఆ మాటతోనే చుట్టూ నీళ్లు గోడల్లా లేచి నిలబడ్డాయి.

పొగడడం మసేనమ్మకు చేతకాని పని. ఆమె బాగా కుళ్లిన చేపతలను తాడుకు కట్టి మునిగారి ముందు వదిలింది. ముని ఒక కన్ను తెరిచాడు. మళ్లీ మూశాడు. కాసేపటికి రెండు ముందు డెక్కలతోనూ చేపతలను పట్టేసుకున్నాడు. ఆమె తాడు పైకి లాగేసరికి గాలిలో వేలాడాడు.

"వొదిలీ, దిగిపోతావు."

"వదలలేను తల్లీ. నూరేళ్ల తపస్సు చేసినా ఈ ఒక్కటీ నేర్చుకోలేకపోయాను," అన్నాడు ముని దీనంగా. నీటిగోడలు కూలిపోయాయి. "శాపం పెట్టింది మూడో పార మీది కరాళుడు. కొండంత బొంత చేప. వాడి చుట్టూ సుడి తిరుగుతుంటుంది. దాన్ని దాటే దారి రెండో పార దగ్గరుండే వంజరం చేపల రాజుకే తెలుసు."

ఆమె అతడిని రాతి మీద దింపి, చేపతల అక్కడే వదిలేసింది. "తిను. తపస్సు రేపు సేసుకో."

మధ్యాహ్నానికి ఒడ్డున కొండలు నీలిగీతలా మిగిలాయి. రెండో పార మీద నీళ్లు నల్లగా ఉన్నాయి. తెప్పంత పొడవున్న వంజరం నీళ్లలోంచి ఎగిరి, ఆమె ఎర కట్టి వేసిన తాళ్లు మూడూ వరసగా కొరికేసింది.

"నారతాళ్లా? మనుషుల తెలివి ఇంతేనా?" అని నవ్వింది.

మసేనమ్మ మిగిలిన తాడు అందుకుంది. కాలి వెండిపట్టా విప్పి, గాలానికీ తాడుకూ మధ్య ముడేసింది. వంజరం మళ్లీ కొరికింది. ఈసారి పళ్లు వెండి మీద జారాయి, గాలం దవడలో దిగింది. తెప్ప బాణంలా పరుగెత్తింది. తాడు కోసి అరచేతుల నుంచి రక్తం కారుతున్నా ఆమె తొందరపడలేదు. అది లాగినప్పుడు వదిలింది, అలిసినప్పుడు చుట్టింది. చివరికి ఆ వంజరాల రాజు తెప్ప పక్కన వెల్లకిలా తేలాడు.

"మూడో పారకి లాక్కెల్లు. గాలం తీసేత్తాను."

అతడు సుడి అంచుల వెంట ఒడుపుగా లాక్కెళ్లాడు. గాలం తీసేటప్పుడు ఆమె ఆ చేప పొడవును ఒకసారి కళ్లతో కొలిచింది. అంత చేప పాలెం మొత్తానికి రెండు పూటల కూడు. అయినా ఇచ్చిన మాట ప్రకారం వదిలేసింది.

మూడో పార నీటిపైకి కాస్త తేలి ఉంది. దాని మీద పన్నెండు రాతి మనుషులు నిలబడి ఉన్నారు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నవాడు ఎల్లాజీ. ఆమె ఆ చెయ్యి ముట్టుకుంది. చల్లగా, గరుకుగా ఉంది. వేళ్లకు అంటిన ఉప్పును కొంగుతో తుడిచింది.

అప్పుడే నీళ్లు ఉబ్బి, గుహలాంటి నోటితో కరాళుడు పైకి లేచాడు.

"పదమూడోదానివి. వచ్చి వాళ్ల పక్కన నిలబడు. నిరుడు మీ మనుషులు పైనుంచి పడేసిన రాయి నా పిల్లలున్న గుహ నోట్లో ఇరుక్కుంది. నాకు రాయి ఇచ్చారు, మీకూ రాళ్లే ఇస్తున్నాను."

మసేనమ్మ ఊపిరి బిగబట్టి మునిగింది. గుహ నోట ఒక విజయస్తంభం అడ్డంగా దిగబడి ఉంది. దాని మీద కత్తి ఎత్తిన జలధికేసరి బొమ్మ, ముఖమంతా నాచు. సందులోంచి వందల చిన్న కళ్లు బయటికి చూస్తున్నాయి. ఆమె పైకి తేలి ఉప్పునీళ్లు ఉమ్మింది.

"కక్కుకుంటా నిలబెట్టే ఓపిక లేక ఓ పిరికోడు పారేసిన రాయి అది. దానికి నువ్వు మా పిల్లల్ని పస్తులెడతావా? ఇంత ఒళ్లుండి ఏటి లాభం? నీకూ ఆ సేనానికీ తేడా ఏటి?"

కరాళుడు నోరు తెరిచాడు. తెప్ప ఆ నోటివైపు జారింది. ఆమె తెడ్డు అడ్డం వేసినా అది ఆగలేదు. ఆమె గొంతు మాత్రం తగ్గలేదు.

"మింగితే మింగు. మింగినాక రాయి ఎవుడు తీత్తాడు? నీకు సేతుల్లేవు."

తెప్ప ఆగిపోయింది.

"నువ్వు చిన్నపిల్లవి. ఏం చేయగలవు?" అని అడిగాడు కరాళుడు. ఈసారి గొంతు వేరేలా ఉంది.

"నాను కడతాను. నువ్వు లాగు."

లంగరు తాడు పట్టుకుని ఆమె నాలుగుసార్లు మునిగింది. నాచుకు ముడి జారిపోయింది. అయిదోసారి ముక్కు నుంచి రక్తం వచ్చినా ముడి బిగించాకే పైకి వచ్చింది. కరాళుడు రెండో కొన పళ్లతో పట్టి వెనక్కు లాగాడు. స్తంభం పెళ్లగిలి, దొర్లుకుంటూ లోతుల్లో పడిపోయింది. చీకట్లో పాలిపోయిన చేపపిల్లలు పొగలా బయటికి వచ్చి తండ్రి మొప్పల చుట్టూ తిరిగాయి. అతడు వాటన్నిటినీ తన నీడలోకి పోగుచేసుకున్నాడు. తర్వాత తల దించి, నోటినిండా నీళ్లు తీసి పార మీద చిమ్మాడు.

నీళ్లు తగిలిన పన్నెండు మందీ మళ్లీ మనుషులయ్యారు. ఎల్లాజీ కళ్లార్పి తెప్ప వైపు చూశాడు. "ఏటే మసేనూ, చుక్కాని తాడు ఇలాగేనా కట్టడం?"

ఆ మాటకు ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

అందరూ ఇల్లు చేరిన మర్నాడు రెల్లుపాలెం ఇసుక మీద చేపలు వెండిలా ఎగిరెగిరి పడ్డాయి. ఏ ఒక్కటీ రాయి కాలేదు. రాజు కబురంపి ఆమెను సభకు పిలిపించి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

"ఈ తీరం ఏలుబడి నాకియ్యండి. సముద్రం మీదికి ఎల్లనోడు సముద్రం గురించి ఆజ్ఞలియ్యకూడదు. సినిగిన మా వలలన్నీ బాగయ్యేదాకా సేనానిగారు పాలెంలోనే ఉండాల."

"ఆయనకు వల అల్లడం రాదే," అన్నాడు రాజు.

"నేర్పుతాం."

రాజు అప్పటికప్పుడే శాసనం రాయించాడు.

చేపపిల్లలు ఎదిగే నెలలో మూడో పార దగ్గర గాలం వేయరాదన్నది మసేనమ్మ మొదటి ఆజ్ఞ. ఆమె ఏలిన ముప్పై ఏళ్లలో దాన్ని ఎవరూ మీరలేదు. శాసనం రాసిన నాటి సాయంత్రం పాలెం అంతటా కవళ్ల పులుసు ఉడికింది. పిల్లలు రెండోసారి, మూడోసారి వడ్డించుకున్నారు. తీరమంతటికీ పాలకురాలైన మనిషి అప్పటికే వలకుప్ప మీద పడి నిద్రపోతోంది. ఎల్లాజీ ఆమె వాటా ముంతలో పోసి మూతపెట్టి, పిల్లలెవరూ అటు రాకుండా పక్కనే కాపలా కూర్చున్నాడు.