హెడ్మాస్టరుగారికొచ్చిన ఆడవాళ్ళ జబ్బు

"ఒసేయ్! నా కళ్ళు పోయాయే...!"

పడక్కుర్చీలోంచి హెడ్మాస్టరుగారు పెట్టిన కేకకి ఇల్లంతా అదిరిపోయింది. రిటైరై పదమూడేళ్ళయినా గొంతు మాత్రం బడి గంటకి పోటీ! కోడలు పొయ్యి కట్టేసి పరుగెత్తింది, కొడుకు ఆఫీసుకి సెలవు చెప్పాడు, కిటికీలకి తెరలు దిగాయి. పేపరు చదువుతుంటే అక్షరాల మధ్య వంకరటింకర వెలుగు గీతలు కదిలాయట! పావుగంటలో వాటంతటవే పోయాయి కూడా. అయినా ఆయన కణతలు పట్టుకుని, "ఇక నేను మీకు దక్కను..." అని మూలుగుతూనే ఉన్నారు.

ఆయన భార్య గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. ఆ గీతలు ఆమెకు తెలియనివా! టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు, పగిలిపోతున్న తలకి హెడ్‌ఫోను బిగించుకుని "నంబరు చెప్పండి" అంటూ బతికిన మనిషి. ఇంటికొస్తే వాంతులు చేసుకుంటూనే వంట! "ఆడవాళ్ళ జబ్బు... పని ఎగ్గొట్టడానికి మంచి సాకు!" అని చుట్టాల ముందు నవ్వేవారు ఈ మహానుభావులు. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ నొప్పి ఆమెను వదల్లేదు... ఆ మాటా వదల్లేదు!

ఇంటిల్లిపాదీ ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఈ వయసులో ఇలాంటివి కొత్తగా వస్తే పక్షవాతమేమో చూడాలని డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. చివరికి కాగితాలు పక్కన పెట్టి, "భయం లేదండీ, ఇది మైగ్రేన్. పెద్దవయసులో కొందరికి నొప్పి లేకుండా మెరుపులే వస్తాయి" అంది.

"నొప్పి లేకుండానా!" భార్యకు నవ్వాగలేదు. "నా జబ్బులో కూడా తేలిక వాటా ఈయనకే వచ్చిందన్నమాట!"

"మీకూ ఉందామ్మా?"

"ఏదో మామూలు తలనొప్పండీ..." హెడ్మాస్టరుగారు అడ్డొచ్చారు.

"మీరు నోరు మూసుకోండి!" ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. "నలభై నాలుగేళ్ళు డాక్టరమ్మా! నెలకి ఆరేడు రోజులు. ఆ నొప్పితోనే మంచాన పడ్డ ఈయన తల్లికి అన్నీ ఎత్తిపోశాను. వెలుతురు సూదుల్లా గుచ్చుతుంటే, ఈయన నా మొహం మీద లైటేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నారు! పావుగంట మెరుపులకే ఇంటిల్లిపాదినీ ఏడిపించారే... సిగ్గులేదూ!"

"అత్తయ్యా... మాకెప్పుడూ చెప్పలేదేం?" కోడలు కళ్ళు తుడుచుకుంది.

"చెప్పకపోవడమా! మీ మావగారితో పాటు నువ్వూ నవ్వావుగా తల్లీ!"

నొప్పి వస్తుందేమోనని ఆమె రోజూ మింగే బిళ్ళలే నొప్పిని పెంచుతున్నాయని చెప్పి డాక్టరమ్మ ఆమెకు వేరే మందు రాసింది.

పదిరోజుల తర్వాత, పొద్దున్నే తల పగలడం మొదలైంది. ఆమె ఎవరికీ చెప్పకుండా గదిలోకి వెళ్ళి పడుకుంది. కాసేపటికి హెడ్మాస్టరుగారు తడిగుడ్డ పట్టుకుని వచ్చారు.

"క్షమించవే... నాకు తెలీలేదు."

"తెలీకపోవడమేమిటి? తెలుసుకోవడం మీకు నామోషీ!"

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"గుడ్డ నుదుటి మీద వేసి, చప్పుడు చెయ్యకుండా కూర్చోండి."

కూర్చున్నారు. జన్మలో మొదటిసారి, రెండు గంటలు పెదవి విప్పలేదు. ఆమె క్షమించలేదు. గుడ్డ వేడెక్కినప్పుడల్లా కళ్ళు తెరవకుండానే తీసి ఆయన చేతిలో పెట్టేది... ఆయన లేచి మళ్ళీ తడిపి తెచ్చేవారు.