రెక్కల గదిలో నాలుగో మనిషి

“పళ్లు చూపిస్తే చాలదు బాబూ, కళ్లు కూడా నవ్వాలి,” అని నూకరత్నం ఆ పొద్దున పదిహేడోసారి చెప్పింది.

అద్దం ముందు నిలబడ్డ అయిదుగురూ మళ్లీ నవ్వారు. నవ్వుమట్టం యాభై నాలుగు దగ్గర ఆగి, కాస్త ఊగి, అరవై దాటింది. వాళ్ల భుజాల వెనక గోడకున్న నారింజరంగు రెక్కలు ఒకసారి టపటపా కొట్టుకున్నాయి. జనాభా లెక్కల జనపట్టీలో ఆ ఇంటివాళ్లంతా మరో ఏడాదికి హాజరు పడ్డారు. పెద్దాయన దవడలు నొక్కుకుంటూ బయటికి నడిచాడు. ఏడాదికి సరిపడా నవ్వేశాడు, ఇక ఇంటికెళ్లి మామూలుగా ఉండొచ్చు.

నవ్వులదీవి మొదట్లో ఇలాంటిది కాదు. భీమిలి రోడ్డు మీద ఒట్టి సరదా చోటు. పిల్లల్ని వెంటేసుకొచ్చి మనిషెత్తు టీకప్పులో కూర్చుని, తలకిందుల వంటింట్లో పైకప్పుకి వేలాడినట్టు నిలబడి, రెక్కల గదిలో ఎగిరినట్టు సెల్ఫీలు దిగి పోయేవారు. జనాభా లెక్కలవాళ్లు గడపగడపా తిరిగినా ఒక్కచోట దొరకని కుటుంబాలు ఇక్కడ వాటంతటవే ముస్తాబై, వరస కట్టి, కెమెరాలోకి కళ్లార్పకుండా చూస్తున్నాయని ఏ తెలివైనవాడో కనిపెట్టాడు. అంతే, ఏడాదికొక కుటుంబపటం తప్పనిసరి అయిపోయింది. పటంలో ఉన్నవాడు ఉన్నట్టు, లేనివాడు లేనట్టు. ఇల్లూ, నీళ్లూ, బియ్యమూ అన్నీ దాన్నిబట్టే. కాగితాలు అబద్ధమాడతాయి గానీ నవ్వుముఖం ఎందుకాడుతుందని వాళ్ల ధీమా.

ఒక్కచోటే చిక్కొచ్చింది. ముగ్గురే వచ్చిన కుటుంబాలు ఛస్తే దిగేది లేదన్నాయి. ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరు పోతారని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు నమ్ముతారు. నమ్మనివాళ్లు కూడా, ఎందుకొచ్చిన గొడవలే అని నాలుగో మనిషిని వెతుక్కుంటారు. అప్పట్లో వరసలో వెనకున్నవాళ్లని బతిమాలి పక్కన నిలబెట్టుకునేవారు. దాంతో ఎవరెవరో ఎవరెవరి ఇళ్లలోనో మనుషులైపోయి కూర్చున్నారు. అది చూసి అద్దానికి పూరణం నేర్పారు. ముగ్గురు నిలబడితే చాలు, జనపట్టీలో ఆ ఇంటి పేర్లు వెతికి, ఆ వేళ రాలేకపోయినవాణ్ణి తెచ్చి పక్కన నిలబెడుతుంది. నవ్విస్తుంది కూడా. పచ్చమీట నొక్కి సరేననడమే నూకరత్నం పని. వద్దనడానికి మీట పెట్టలేదు. వద్దన్నవాళ్లు ఎవరున్నారు గనక!

పదకొండేళ్లుగా నొక్కుతోంది. ఆమె బొటనవేలు ఆనేంత మేర మీట మీద పచ్చరంగు పోయింది.

ఎండ ఎక్కాక రెక్కల గదికి ఒక ముసలావిడ, ఆమె కోడలు, ఆరేడేళ్ల పిల్ల వచ్చారు. ముసలావిడ పిల్లను పట్టుకుని అద్దం వైపు నడిచింది. కోడలు మాత్రం తిన్నగా నూకరత్నం కూర్చున్న గాజుగూటి దగ్గరికొచ్చింది.

“నన్ను గుర్తుపట్టినావా అప్పా?”

“రోజుకి రెండొందల ఇళ్లవాళ్లు వస్తారమ్మా.”

“నా పేరు గౌరీశ్వరి. కిందటేడు ఆషాఢంలో మా గుంట పుట్టినరోజని వొచ్చినాం. ముగ్గురం ఒద్దని మా అత్త గోల పెట్టింది. బెంగెందుకు మామ్మా, మీ అబ్బాయిని నాను రప్పిస్తానన్నావు. రప్పించినావు.”

నూకరత్నం ఆ మాట అందరితోనూ అంటుంది. ముసలివాళ్లు చటుక్కున నవ్వుతారని అలవాటు చేసుకున్న మాట అది. ఇప్పుడు ఎదటి మనిషి నోట వింటుంటే ఒంటికి కారం రాసుకున్నట్టుంది.

“ఆ రోజుకి మా ఆయన రెండ్రోజులై సముద్రంలో ఉన్నాడు,” అంది గౌరి. “సముద్రం నీళ్లని మంచినీళ్లు సేసే ఉప్పుతీత కేంద్రంలో గొట్టాల మూతులు కడగడానికి నీటి కిందికి దిగీవోడు. డ్యూటీ పొడిగించినారని మాకు కబురెట్టినారు. నిజమే అనుకున్నాం. గొట్టం పగిలిందని తరవాత తెలిసింది. మా మనిసేడని ఎల్లి అడిగితే ఏటన్నారో తెలుసా? పైకొచ్చి ఇంటికెల్లిపోనాడు, ఇదిగో రెక్కలేసుకుని నవ్వుతన్నాడు కదా అని మా పటమే మాకు సూపించినారు. ఆళ్ల గల్లంతు జాబితాలో ఆడి పేరు లేదు. ఎతకనేలేదప్పా. ఒక్క పూటైనా ఎతకలేదు.”

నూకరత్నం చెయ్యి తనకు తెలియకుండానే మీట మీదనుంచి జారింది.

“హాజరు మండలి సుట్టూ ఏడాదిగా తిరుగుతన్నాను. ఈ యేడు పటంలో లేకపోతే కేసు తెరుస్తారంట. వరసగా రెండేళ్లు కనబడితే ఉన్నట్టే లెక్క, ఫైలు మూసేస్తారంట. గడువు ఇయ్యాలే. మా ముగ్గుర్నే తియ్యి.”

“ముగ్గుర్ని తియ్యడానికి మీట లేదమ్మా.”

“అయితే పటమే ఒద్దు. ఎల్లిపోతాం.”

“పటం లేకపోతే మీ ముగ్గురి హాజరూ పోతుంది. ఇల్లు ఖాళీ చెయ్యమంటారు.”

గౌరి తిరిగి అద్దం వైపు నడిచింది. తిట్టినా బాగుండునని నూకరత్నానికి అనిపించింది.

చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లోంచి శశిభూషణ్ గొంతు పలికింది. పై అంతస్తులో కూర్చుని పన్నెండు గదులూ చూసే మనిషి అతను. “నూకరత్నం గారూ, రెక్కల గది దగ్గర వరస ఆగింది. కబుర్లు తరవాత.”

ముగ్గురూ అద్దం ముందు నిలబడ్డారు. ముసలావిడ పేరు బంగారమ్మ. ఉతికి మడత పెట్టుకున్న చీర కట్టి, తలకి నూనె రాసి, పండక్కి వచ్చినట్టు వచ్చింది. గాజుగూటి వైపు తిరిగి గుట్టుగా చెప్పింది:

“కోడలి మాట ఇనకమ్మా. నాను మావోణ్ణి సూడ్డానికే వొచ్చినాను. యాడాదైపోనాది.”

“అత్తా!”

“నువ్వూరుకో గౌరీ. కన్నకొడుకుని సూసుకుంటానంటే నీకేటి?”

అద్దం ఒక్క క్షణం మసకబారి తేటపడింది. బంగారమ్మ పక్కన పోలినాయుడు నిలబడి ఉన్నాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గళ్లచొక్కా, వెనక నారింజ రెక్కలు. కణతల దగ్గర నాలుగు వెంట్రుకలు నెరిశాయి. ఏడాది గడిచింది కదా, ఎంత నెరవాలో అద్దం లెక్కకట్టి మరీ నెరిపించింది. పిల్ల తన భుజం వైపు చూసుకుంది, మళ్లీ అద్దంలోకి చూసింది.

“నాన్న సెయ్యి నా మీదుంది మామ్మా. కానీ తగల్లేదు.”

బంగారమ్మ వినలేదు. ఆమెకి లోకమంతా ఆ అద్దంలోనే ఉంది. “పోలీ,” అని పిలిచింది. “ఒరే పోలిగా.”

అద్దంలో కొడుకు కెమెరాకేసి నవ్వుతూనే ఉన్నాడు. నవ్వుమట్టంలో అతని వాటా నూటికి నూరు.

ఆమె నవ్వు మెల్లిగా ఆగిపోయింది. కొడుకుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, బజార్లో బట్ట చూసినట్టు చూసింది.

“ఈడు ఇటుపక్క నిలబడ్డాడేటి?”

“ఏమైంది మామ్మా?” అంది నూకరత్నం.

“మావోడికి నీళ్లలో దిగి దిగి కుడిసెవి పోనాది. మనుసులంతా ఎడమేపే ఉండాల ఆడికి. గోడేపు కుడిసెవి పెట్టుకుని నిలబడతాడు. పెళ్లిపీటల మీద కూడా అలగే కూకుంటానంటే పంతులుగారు కేకలేసినారు. నన్ను సెవిటి సెవి పక్కనెట్టుకుని నిలబడతాడా ఆడు? అమ్మ ఏటంటాదో ఇనబడొద్దా? ఈడు మావోడు కాడు.”

ఏడాదిగా ఆ ఒక్క మాట అనిపించాలని అత్తతో పోట్లాడిన గౌరి, తీరా అన్నాక తట్టుకోలేకపోయింది. గోడకి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

“తీసీమ్మా ఈణ్ణి,” అంది బంగారమ్మ. “కానీ ముగ్గురం మాత్రం ఒద్దు. ఆడు ఎలాగూ పోనాడు. ఇంకొకలు పోతే నాను బరించలేను. గుంట ఉంది మాకు.”

నూకరత్నానికి ఒళ్లు మండింది. ముసలిదాని చాదస్తమూ యంత్రం చాదస్తమూ ఒకటే అయి కూర్చున్నాయి. కానీ ఆ చాదస్తాన్ని అడ్డం పెట్టుకునే కదా తాను పదకొండేళ్లు మీట నొక్కింది! ఎవరికీ నష్టం లేదనుకుంది. నలుగురు నవ్వుతారనుకుంది. నీటి అడుగున ఒక మనిషి ఎదురుచూస్తూ ఉంటే, పైన అతని నవ్వుకి తాను సాక్షి సంతకం పెట్టింది.

“పచ్చమీట, నూకరత్నం గారూ,” అన్నాడు శశిభూషణ్. “పది లెక్కపెడతాను. తరవాత ఇక్కణ్ణించి నేనే నొక్కుతాను. పది.”

ఆమె చెవిలోంచి ఆ గొంతును పీకి బల్ల మీద పెట్టింది. అది బల్ల మీదే తొమ్మిది, ఎనిమిది అంటోంది. గాజుగూటి తలుపు తీసుకుని బయటికొచ్చి, గచ్చు మీద గీసిన పసుపు గీత దాటింది. సిబ్బంది దాటకూడని గీత అది. బంగారమ్మ పక్కన, అద్దం పోలినాయుణ్ణి నిలబెట్టిన జాగాలోనే, వెళ్లి నిలబడింది.

అద్దంలో పోలినాయుడు ఒకసారి మిణుకుమన్నాడు. ఆ జాగాలో నిజం మనిషి ఉంది గనక, వెలిసిపోయాడు.

నలుగురు నిజం మనుషులున్నప్పుడు పచ్చమీటతో పనే లేదు. కానీ నవ్వుమట్టం తొమ్మిది చూపిస్తోంది. అరవై రావాలి.

“నవ్వాలి మామ్మా,” అంది నూకరత్నం. “నవ్వకపోతే పటం తియ్యదు. తలుపు తెరిచి పంపించేస్తుంది.”

“ఆడు లేడని రాయించుకోడానికి మేం నవ్వాలా?” అంది గౌరి.

“నవ్వాలమ్మా.”

వేల కుటుంబాలని నవ్వించిన నూకరత్నం దగ్గర ఆ పూట ఒక్క హాస్యమూ లేదు. గౌరి పళ్లు చూపించింది. పన్నెండు. పిల్ల నాలుక బయటపెట్టింది. పంతొమ్మిది. అప్పుడు బంగారమ్మ, కొడుకు ఇందాక కనబడిన చోటుకేసి చూస్తూ నోరు తెరిచింది. బుగ్గలు పైకి లేచాయి, కళ్లు ముడుచుకున్నాయి, ఉన్న నాలుగు పళ్లూ బయటపడ్డాయి. ఏడాదిగా ఒంట్లో దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి ముఖంలోకొచ్చింది. ముందు చప్పుడు రాలేదు. వచ్చాక రెక్కల గది దద్దరిల్లింది.

నవ్వుమట్టం డెబ్బై దాటి, ఎనభై అయిదు దాటి, తొంభై ఎనిమిది దగ్గర నిలిచింది. రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. అద్దానికి ఏడుపంటే ఏమిటో తెలియదు. ఇక్కడికి ఏడవడానికి ఎవరూ రారు, దానికెవరు చూపిస్తారు?

చీటీ బయటికొచ్చింది. పోలినాయుడు: గైర్హాజరు. గౌరి దాన్ని రెండు చేతులతో పట్టుకుని మూడుసార్లు చదివింది.

నూకరత్నం గూటికి తిరిగొచ్చేసరికి బల్ల మీద ప్రశ్న వెలుగుతోంది. కిందటేడు హాజరైన మనిషి ఈ యేడు లేడు, కారణం? ప్రయాణం, అనారోగ్యం, ఇతరం. ఆమె ఇతరం ఎంచుకుంది. ఒక్కొక్క అక్షరమే కొట్టింది.

“కిందటేడు కూడా లేడు. నేనే మీట నొక్కాను. నేను నొక్కిన నాలుగో మనుషుల్లో ఏ ఒక్కరినీ నేను కళ్లతో చూడలేదు.”

యంత్రం చెప్పుచేతల్లో ఉండే రకం. ఆమె ఔనంటే ఔననుకుంది, ఇప్పుడు కాదంటే కాదనుకుంది. బయటికి వెళ్లే దారిలో గోడ నిండా కుటుంబపటాలు మెరుస్తుంటాయి. వాటిలో నాలుగోవాళ్లు ఒక్కొక్కరే బూడిదరంగుకి తిరగడం మొదలైంది. దుబాయి వెళ్లిన మొగుళ్లు, మాటల్లేని అన్నదమ్ములు, ఎప్పుడో పోయిన తల్లులు, అందరూ నవ్వు చెదరకుండానే బూడిదైపోయారు. వరసలో జనం గోడ దగ్గరికి పరుగెత్తారు.

“ఏం చేశావు నువ్వు?” అంది బల్ల మీది గొంతు. పదకొండేళ్లలో శశిభూషణ్ ఆమెని నువ్వనడం అదే మొదలు. “ఎన్ని ఇళ్లకి ఖాళీ చెయ్యమని నోటీసు వస్తుందో తెలుసా?”

ఆమె మెళ్లో కార్డు ఎర్రగా మారింది. అంటే ఉద్యోగం అయిపోయినట్టు.

సరిగ్గా అప్పుడే పైనున్న పెద్ద తెర వెలిగింది. మేళం మోగింది. ఈనాటి నవ్వుల కుటుంబం, తొంభై ఎనిమిది! మేడంత ఎత్తున బంగారమ్మ ముఖం, కళ్లు మూసుకుని, నోరంతా తెరుచుకుని. కప్పులోంచి రంగుకాగితాల ముక్కలు జలజలా రాలాయి. పిల్ల వాటిని ఏరుకుంటోంది. తల్లి వద్దనడం మరిచిపోయింది.

ఇద్దరు కూతుళ్లని వెంటపెట్టుకున్న మనిషొకడు గాజుగూటిని గుద్దాడు. “మా ఆడదాన్ని ఎందుకు తీసీసినావు? నీకేటి అడ్డొచ్చిందే? యేడాదికొక్కసారి గదా వొస్తాది!”

నూకరత్నం తల వంచుకునే అడిగింది. “ఆవిడ ఎప్పుడు పోయింది బాబూ?”

“పోడమేటి? ఎవులన్నారు?”

“ఆరేళ్లయింది,” అంది పెద్దకూతురు.

తండ్రి ఆ పిల్లకేసి, తల్లిని అదే చంపినట్టు చూశాడు. తరవాత ఆ చూపు నిలవలేదు. గాజుకి నుదురు ఆనించి నిలబడిపోయాడు. చిన్నకూతురు అక్క చెయ్యి పట్టుకుంది.

“ఇప్పుడు మన పక్కన ఎవులు నిలబడతారే?”

వరసలో ఎవరి నాలుగో మనిషిని వాళ్లు గోడ మీద వెతుక్కుంటున్నారు. నూకరత్నం లేవబోయింది గానీ, ఎర్రకార్డుకి గూటి తలుపు తెరుచుకోలేదు.

దారి చివర్లోంచి బంగారమ్మ వెనక్కి తిరిగింది. తలలో చిక్కుకున్న రంగుకాగితాలతో, కోడలు పిలుస్తున్నా ఆగకుండా, మెల్లిగా రెక్కల గదిలోకి నడిచింది.

“రండమ్మా, నాను నిలబడతాను,” అంది. “నాకు నవ్వడం వొచ్చీసింది.”